టూల్ ప్రీసెట్టరును ఎంచవలసినది ఎవరు?



రైల్వే వర్క్‌షాపుల మెషిన్ షాపులలో సి.ఎన్.సి. యంత్రములు ప్రవేశించిన నాటినుండి ఒక చిన్న పరికరమునకు ప్రాముఖ్యము పెరిగినది. అది టూల్ ప్రీసెట్టరు. కోత పనిముట్టు పొడవును, వ్యాసమును యంత్రము వెలుపలనే కొలిచి, ఆ అంకెలను యంత్రమునకు అందించుట దీని పని. ఇది ఇంజనీర్ల వ్యవహారము, యూనియనుకేల యని కొందరు మిత్రులు అడుగవచ్చును. పరికరము ఎంపికలో పొరపాటు జరిగినచో దాని మూల్యమును టెండరుపై సంతకము చేసినవారు చెల్లించరు. యంత్రము ముందు నిలబడిన కార్మికుడు చెల్లించును. అందుచేత ఇది మన వ్యవహారమే.

మొదట ఒక అపోహను తొలగించుకొందము. ప్రీసెట్టరు కార్మికునికి శత్రువు కాదు. 20 పనిముట్లను యంత్రముపైననే ఒక్కొక్కటి 3 నిమిషముల చొప్పున సరిచూచినచో యంత్రము ఒక గంట ఊరక నిలిచిపోవును. షిఫ్టులో రెండు మారులు పని మారినచో 8 గంటలలో 2 గంటలు పోయినట్లే. ఆ కాలమును మిగుల్చు సాధనమును మనము వ్యతిరేకింపము. అడుగకుండ కొని మన నెత్తిన రుద్దు పద్ధతిని వ్యతిరేకింతుము.

"కనిష్ఠ ధరకే కొనవలెను, మా చేతిలో ఏమున్నది?" అని అధికారులు చేతులు దులుపుకొందురు. ఇది అర్ధసత్యము. సాంకేతిక అర్హత పొందిన బిడ్ల నడుమనే కనిష్ఠ ధర చూడబడును. ఆ అర్హతను నిర్ణయించు స్పెసిఫికేషన్‌ను వ్రాయువారు మనుష్యులే. కొను సంస్థ ప్రత్యేకావసరములను దృష్టిలో నుంచుకొని దానిని స్పష్టముగ వ్రాయవలెనని 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి 144వ నియమమే చెప్పుచున్నది. షాపు అవసరము షాపులో పనిచేయువానికి తెలియక, కేటలాగు పట్టుకొని వచ్చిన ఏజెంటుకు తెలియునా?

కేటలాగులో "ఒక మైక్రాన్" అని పెద్ద అక్షరములలో నుండును. తెరపై ఒక మైక్రాన్ కనబడుట వేరు. అదే పనిముట్టును పదిమారులు తీసి పెట్టినను అదే అంకె వచ్చుట వేరు. మనకు కావలసినది రెండవది. ఉక్కు మీటరు పొడవునకు, ఒక డిగ్రీ వేడికి సుమారు 11.5 మైక్రానులు పెరుగును. చల్లని గదిలో కొలిచిన 250 మిల్లీమీటర్ల బోరింగ్ బార్ షాపులోనికి వచ్చి 10 డిగ్రీలు వేడెక్కినచో దాదాపు 29 మైక్రానులు సాగును. లాలాగూడలో గాని, రాయనపాడులో గాని మే నెల ఎండ ఎరిగిన వానికి ఈ లెక్కను విడమరచి చెప్పనక్కరలేదు. పరికరమును ఎచ్చట నిలుపుదురో నిర్ణయింపకయే మైక్రానుకు సొమ్ము పోయుట బూడిదలో పోసిన పన్నీరు.

స్పిండిల్ సంగతియు అంతే. షాపులో బి.టి.-40, బి.టి.-50 హోల్డర్లు రెండును ఉన్నచో ఏదో ఒకదానికి అడాప్టరు వలయును. అడాప్టరు చేరిన చోట మరియొక అతుకు, మరికొంత దోషము చేరును. ఏ హోల్డరు ఎంత వాడుకలో నున్నదో టూల్ రూము కార్మికుడు క్షణములో చెప్పగలడు. అతనిని అడిగినవారెవరు?

అన్నిటికంటె ముఖ్యమైనది అంకెల ప్రయాణము. చౌక పరికరము కొలిచి ఊరకుండును. అంకెను కార్మికుడే చేతితో యంత్రములో కొట్టవలెను. 152.340 బదులు 125.340 పడినదనుకొనుడు. పనిముట్టు ఉన్నదానికంటె 27 మిల్లీమీటర్లు పొట్టిదని యంత్రము భావించి, అంత లోతుగ దిగి వస్తువును గుద్దును. అప్పుడు 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నియమావళి క్రింద చార్జిషీటు ఎవరికి? అంకెలను నేరుగ యంత్రమునకు పంపు సౌకర్యమును ఖర్చని కొట్టివేసినవారికి కాదు!

ఇక ప్రోత్సాహక బోనస్. చిత్తరంజన్ పద్ధతిలో పనికి అనుమతించిన కాలమునుండి మిగిల్చిన కాలమే కార్మికుని రాబడి. పని పద్ధతి మారినదను పేరుతో ఆ కాలమును కత్తిరించుటకు క్రొత్త పరికరము సాకు కాగలదు. యంత్రము మిగిల్చిన గంట అంతయు యాజమాన్యమునకే పోవలెనా?

తపాలా సోదరులకు ఈ కథ క్రొత్తది కాదు. 2017లో ప్రారంభమైన దర్పణ్ పథకము క్రింద గ్రామీణ డాక్ సేవకుని చేతికి పరికరము వచ్చినది. సిగ్నల్ అందని పల్లెలో ఖాతాదారునికి జవాబు చెప్పుకొనునది పరికరమును ఎంచినవారు కారు, ఆ సేవకుడే.

కావున మన కోర్కెలు స్పష్టము:

1. స్పెసిఫికేషన్ వ్రాయుటకు ముందే టూల్ రూము, మెషిన్ షాపు కార్మికుల అభిప్రాయమును వ్రాతపూర్వకముగ తీసికొనవలెను.

2. మన పనిముట్లతో, మన షాపులో పరీక్షించి చూపిన తరువాతనే పరికరమును స్వీకరించవలెను.

3. అంకెలను నేరుగ పంపు ఏర్పాటు, సరిచూచు మాస్టర్ గేజి, శిక్షణ, మరమ్మతు ఒప్పందము ధరలోనే చేరి యుండవలెను.

4. కార్మిక ప్రతినిధి సమక్షమున కాలాధ్యయనము జరుగకుండ అనుమతించిన కాలమును మార్చరాదు.

ఇవి దయాభిక్షలు కావు. ప్రజాధనము వృథా కారాదను వాదము అధికారుల సొత్తు కాదు; అది మనది కూడ. ప్రతి శాఖయు ఈ కోర్కెలను తీర్మానించి, తదుపరి షాపు కౌన్సిల్ సమావేశమునకు ముందే అందజేయవలెను. టెండరు వెలువడిన పిమ్మట మొరపెట్టుకొనుటకంటె, స్పెసిఫికేషన్ బల్లవద్ద మన స్థానమును మనమే సాధించుకొందము!