చెట్టు వాళ్ళదే, నీళ్ళు పోసిందెవరు?

వీడియో గేమ్ ఆడుతూ రికార్డు చేసి, మధ్యమధ్యలో నాలుగు కబుర్లు చెప్పి యూట్యూబ్‌లో పెట్టేవాళ్ళ గురించి మా ఆఫీసులో ఎప్పుడు మాటొచ్చినా ఒకటే తీర్పు. "చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే బాపతు. బొమ్మలు కంపెనీవి, మ్యూజిక్ కంపెనీది, మధ్యలో వీడికెందుకు డబ్బులు?" ఈ మాటంటున్నది ఎవరో కాదండీ, పొద్దున లేస్తే ఊరివాళ్ళు రాసిన ఓపెన్ సోర్స్ లైబ్రరీల మీద బతికే మన సాఫ్ట్‌వేర్ జనాలే! అందుకే నాకు ఒళ్ళు మండుతుంది.

ముందు చట్టం సంగతి. గేమ్ మీద కాపీరైట్ కంపెనీదే, అందులో వాదన లేదు. బ్యాట్ అమ్మిన కంపెనీ సెంచరీలో వాటా అడుగుతుందా అని కొందరంటారు గానీ ఆ పోలిక నిలబడదు. బ్యాట్‌లో కథ, సంగీతం ఉండవు, గేమ్‌లో ఉంటాయి. విమర్శకీ సమీక్షకీ మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కొంత వెసులుబాటు ఇస్తుంది, అమెరికాలో 'ఫెయిర్ యూజ్' ఉంది. కానీ గంటలకొద్దీ ఆట చూపించే వీడియోకి అది ఎంతవరకు పనికొస్తుందో కోర్టుకెళ్తే గానీ తేలదు. అంత స్తోమత ఏ యూట్యూబర్‌కి ఉంటుంది? కాబట్టి అతను బతికేది చట్టం మీద కాదు, కంపెనీ తన వెబ్‌సైట్లో పెట్టే 'వీడియో పాలసీ' అనే ఒక్క పేజీ మీద. నా గొడవంతా ఆ పేజీతోనే.

నింటెండో సంగతే చూడండి. 2013లో అభిమానుల వీడియోల్ని కంటెంట్ ఐడీతో పట్టుకుని, వాటి మీద వచ్చే ప్రకటనల డబ్బు తనవైపు మళ్ళించుకోవడం మొదలెట్టింది. 2015 జనవరిలో 'క్రియేటర్స్ ప్రోగ్రామ్' అంటూ దిగింది. ఒక్కో వీడియో నమోదు చేసుకుంటే 60 శాతం, ఛానెల్ మొత్తం నమోదు చేసుకుంటే 70 శాతం నీకు (అదీ యూట్యూబ్ తన వాటా కోసుకున్నాక మిగిలిన దాంట్లో). అన్ని గేములకీ కాదు, వాళ్ళు ఇచ్చిన జాబితాలో ఉన్నవాటికే. 2017లో, ప్రోగ్రామ్‌లో చేరిన ఛానెళ్ళు లైవ్ స్ట్రీమ్ చెయ్యకూడదన్నారు. 2018 నవంబరులో అసలు ప్రోగ్రామే ఎత్తేస్తున్నామని, సొంత వ్యాఖ్యానమో సృజనో ఉంటే డబ్బు చేసుకోవచ్చని కొత్త నియమాలు పెట్టారు. అదే మారియో, అవే వీడియోలు. ఐదేళ్ళలో ఇన్ని మలుపులు! ఈ మధ్యలో చట్టం ఒక్క అక్షరం మారలేదు, మారింది కంపెనీ మనసు.

అట్లస్ వాళ్ళది ఇంకో కథ. 2017 ఏప్రిల్లో 'పర్సోనా 5' ఇంగ్లీషులో విడుదల చేస్తూ, కథలో జూలై 7 దాటి చూపిస్తే కాపీరైట్ స్ట్రైక్ పడొచ్చని బెదిరించారు. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెలే పోతుంది. జనం తిట్టిపోశాక ఆ నెలలోనే క్షమాపణ చెప్పి, హద్దుని కథలో నవంబరు 19 దాకా జరిపారు. తిడితే జరిగే గీతని నియమం అంటారా?

అన్నిటికన్నా ఆలోచించాల్సింది 'ఫైర్‌వాచ్' ఉదంతం. ఆ గేమ్ చేసిన కాంపో శాంటో, స్ట్రీమింగ్ చేసుకోండి, డబ్బు కూడా చేసుకోండి అని తన సైట్లోనే రాసింది. 2017 సెప్టెంబరులో ప్యూడీపై అనే పేరుమోసిన యూట్యూబర్ ఒక లైవ్‌లో జాతి దూషణ చేశాడు. కాంపో శాంటో అతని ఫైర్‌వాచ్ వీడియోని కాపీరైట్ కింద తీయించింది. అతనన్న మాట నీచం, దాన్ని నేను వెనకేసుకు రావట్లేదు. కానీ ఆ మాట అన్నది వేరే గేమ్ ఆడుతూ. అంటే ఇచ్చిన అనుమతిని, ఆ వీడియోతో సంబంధం లేని కారణానికి వెనక్కి లాక్కోవచ్చన్నమాట. ఈ రోజు కారణం మనకి నచ్చింది, సరే. రేపు ఆ కారణం, గేమ్‌లో బగ్గులున్నాయని చెప్పడమైతే? అదేమీ ఊహ కాదు. 2013లో 'డే వన్: గ్యారీస్ ఇన్సిడెంట్' గేమ్‌ని చీల్చి చెండాడిన సమీక్షని దాని తయారీదారులు కాపీరైట్ పేరుతోనే తీయించారు. గోల పెద్దదయ్యాక వెనక్కి తగ్గారు.

ఇక కాయలమ్ముకునే సంగతి. 'అమాంగ్ అస్' 2018లో వస్తే రెండేళ్ళు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2020లో స్ట్రీమర్లు ఆడటం మొదలెట్టాకే ప్రపంచమంతా పాకింది. మైన్‌క్రాఫ్ట్ వాళ్ళు వీడియోల మీద డబ్బు చేసుకోనిచ్చారు, ఏమైనా నష్టపోయారా? 2014లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 250 కోట్ల డాలర్లకి కొంది. చెట్టు వాళ్ళదే, కాదన్నదెవరు? నీళ్ళు పోసినవాళ్ళని దొంగలనకండి అంటున్నా, అంతే.

అన్నీ ఒకే గాటన కట్టమనీ అనను. కథే ప్రాణమైన గేముల్లో ముగింపుతో సహా చూపించేస్తే కొనేవాడు తగ్గొచ్చు. 2023లో జపాన్‌లో 'స్టైన్స్ గేట్' గేమ్ వీడియోలు పెట్టిన ఒకాయనకి రెండేళ్ళ జైలు (ఐదేళ్ళ సస్పెన్షన్‌తో), పది లక్షల యెన్ల జరిమానా పడ్డాయి. శిక్ష ఎక్కువే అనిపించినా, అక్కడ కంపెనీల బాధ నాకు అర్థమవుతుంది. అలాంటి షరతులుంటే ముందే పెట్టండి. వీడియో చేశాక కాదు.

మరి ఏం చెయ్యాలంటారా? మనకి తెలిసిన పనే. జీపీఎల్ మూడో వెర్షన్ చూడండి: షరతులు పాటించినంత కాలం, ఇచ్చిన హక్కు వెనక్కి తీసుకోవడం కుదరదని అందులోనే ఉంది. మైక్రోసాఫ్ట్ గేమ్ కంటెంట్ నియమాలు చూస్తే, ఏ కారణానికైనా ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చని ఉంటుంది. తేడా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. వీడియో పాలసీకి వెర్షన్ నంబరు, తేదీ పెట్టండి. ఏ వెర్షన్ ఉండగా వీడియో పెట్టారో దానికి ఆ వెర్షనే వర్తింపజెయ్యండి. తీయించాలంటే, ఏ షరతు తప్పారో రాసి చెప్పండి. ముందు చెప్పకుండా ఏపీఐ మార్చి ప్రొడక్షన్ పడగొట్టినవాణ్ణి మనం ఎన్ని తిట్లు తిడతాం? ఇక్కడ పడిపోయేది సర్వర్ కాదు, ఒకడి నెల జీతం.

హైదరాబాద్‌లో గేమ్ కంపెనీల ఆఫీసులున్నాయి. ఇది చదివేవాళ్ళలో కొందరు వాటిల్లోనే పనిచేస్తుండొచ్చు. లీగల్ వాళ్ళ పేజీ మనకెందుకులే అనుకోకండి. ఈసారి అది మీ కంటపడితే, "పాత వీడియోలకి ఇది వర్తించదు" అన్న ముక్క ఎక్కడుందని ఒక్కసారి అడగండి.