అమ్మువాడే తగ్గించుకొనుమనుట

అంగడికి వచ్చినవానితో, "అయ్యా, మీరు కొనుచున్నది మీ యవసరమునకు మించియున్నది, తగ్గించుకొనుడు. ఎచ్చట తగ్గించుకొనవచ్చునో చూపుటకు నా ఖర్చుమీద నొక నిపుణుని మీ యింటికి పంపెదను" అని చెప్పు వర్తకుని మన చదువరులలో నెవ్వరును చూచియుండరు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో విద్యుచ్ఛక్తి కంపెనీలు పెక్కు నేడీ మాటనే చెప్పుచున్నవి. ఇల్లినాయి రాష్ట్రమున చికాగో నగరమునకును దాని పరిసరములకును విద్యుచ్ఛక్తి నందజేయు కామన్‌వెల్త్ ఎడిసన్ కంపెనీ, ఆ ప్రాంతపు గ్యాసు కంపెనీలతో గూడి, పెద్ద వ్యాపార భవనముల యజమానుల కొఱకు నడపిన రిట్రోకమిషనింగు పథక మిట్టివానిలో నొకటి. దీనిని దానమని కొనియాడువారు కొందఱు; ఇందేదో మోసమున్నదని శంకించువారు మఱికొందఱు. మాకు జూడగా నిది దానమును గాదు, మోసమును గాదు. యజమాని తన బిల్లులో ముందే చెల్లించిన సొమ్మునకు ప్రతిఫలము. అట్టి సొమ్మును పుచ్చుకొనువానికి హక్కుతోపాటు బాధ్యతయు గలదని చెప్పుటయే మా యుద్దేశము.

ముందుగా నీ పేరును గూర్చి యొకమాట. క్రొత్త నౌకను దళమున జేర్చుకొనుటకు మున్ను దానిని సముద్రమున నడపి, యంత్రములను, చుక్కానిని, పంపులను నొక్కొక్కటిగా పరీక్షించి, అన్నియు సరిగా నున్నవని తేలినపిదపనే కొలువునకు దీసికొందురు. దానికి కమిషనింగని పేరు. ఆ పద్ధతి నౌకలనుండి భవనములకు వచ్చినది. కాని భవనములలో ననేకము లట్టి పరీక్ష లేకయే గృహప్రవేశము జరుపుకొనినవి. పరీక్ష జరిగినవియు కాలక్రమమున గాడి తప్పినవి. కట్టిన పది యిరువది యేండ్లకు, ఉన్న యంత్రముల నట్లే యుంచి, వానిని మరల పరీక్షించి సరిదిద్దుటయే రిట్రోకమిషనింగు. క్రొత్త యంత్రములు కొనుట యిందు ముఖ్యము గాదు. వీణకు క్రొత్త తంత్రులు కట్టుట గాదిది. ఉన్న తంత్రులకు శ్రుతి చేయుట.

శ్రుతి యెట్లు తప్పును? ఒక పెద్ద యాఫీసు మేడను దలచుకొనుడు. అందు నీటిని చల్లబఱచు చిల్లర్లును, నీటిని కాచు బాయిలర్లును గలవు. అంతస్తులకు గాలిని నెట్టు పెద్ద పంకాలు గలవు. బయటిగాలిని లోనికి వదలు డాంపర్లనెడి తలుపులు గలవు. వీని నన్నిటిని నడపు కంప్యూటరు గలదు. వేసవిలో నొకనాటి మధ్యాహ్నము పదవ యంతస్తు అద్దెదారు ఉక్కగా నున్నదని ఫిర్యాదు చేయును. యంత్రములను జూచుకొను పనివాడు కంప్యూటరులోని వేళలను త్రోసిపుచ్చి పంకాను రేయింబవళ్లు తిరుగునట్లు పెట్టును. ఆ దినము గడచును. ఆ వేసవి గడచును. ఆ యద్దెదారును ఖాళీచేసి పోవును. పంకా మాత్రము తిరుగుచునే యుండును. వేఱొకచోట ఉష్ణమాపకము రెండు డిగ్రీలు తప్పు చూపుచుండును. ఇంకొకచోట డాంపరు తుప్పుపట్టి సగము తెఱచియే నిలిచియుండును. మఱియొకచోట వేడినీటి కవాటము కారుచుండగా, ఒకే గాలిని ముందు చల్లబఱచి, పిమ్మట వేడిచేసి, రెండింటికిని సొమ్ము చెల్లించుచుందురు. మేడలోని వారెవ్వరికిని కష్టము తోపదు. కావున నెవ్వరును వెదకరు. ఇంటిదొంగను ఈశ్వరుడైన పట్టలేడను సామెత యిచ్చట నక్షరాల నిజము.

ఈ దొంగ యెంత దోచుకొనునో చిన్న లెక్కవలన దెలియగలదు. వారమునకు 168 గంటలు. సోమవారము మొదలు శుక్రవారము వఱకు, ఉదయము 6 గంటలనుండి సాయంకాలము 6 గంటలవఱకు నడచు నాఫీసునకు 60 గంటలు చాలును. తక్కిన 108 గంటలును పంకా యెవ్వరి కొఱకు తిరుగుచున్నది? వేగము సంగతియు నిట్టిదే. పంకా వేగమును నూటికి 20 వంతులు తగ్గించినచో, దానికి వలయు శక్తి నూటికి 20 వంతులు గాదు, ఇంచుమించు సగమునకు దిగును. ఏలయన నా శక్తి వేగముయొక్క ఘనము ననుసరించి మారును. జనము పలుచగా నున్న వేళలందును పంకాలను నిండువేగమున ద్రిప్పు యజమాని, తా నెంత పోగొట్టుకొనుచున్నాడో యెఱుగడు.

ఇక పథకము నడచు తీరు. యజమాని తన బిల్లులను, యంత్రముల పట్టికను జతచేసి దరఖాస్తు పెట్టుకొనును. భవనము పెద్దదిగా నుండవలయును. యంత్రములు కంప్యూటరు స్వాధీనమున నుండవలయును. అవి శిథిలములై యుండరాదు. నేడో రేపో పాఱవేయవలసిన యంత్రమునకు శ్రుతి చేయుట వ్యర్థము గదా! అర్హత తేలినపిదప, కంపెనీ యంగీకరించిన యింజనీర్లు వచ్చి మేడ యంతయు కలయజూతురు. పిమ్మట నొడంబడిక జరుగును. పరిశోధన ఖర్చు కంపెనీది. ఇంజనీర్లు చూపు దిద్దుబాట్లలో, ఇంచుమించు ఏడాదిన్నరలోపల పెట్టుబడి తిరిగివచ్చునట్టి వానిని తన సొంతసొమ్ముతో జరిపింతుననియు, నిర్ణయించిన మొత్తమునకు తక్కువగాకుండ ఖర్చుపెట్టుదుననియు యజమాని మాట యియ్యవలయును. మాట తప్పినచో పరిశోధన ఖర్చు నతడే మోయవలసి రావచ్చును. ఈ షరతులు కంపెనీ కంపెనీకి మారును. కొన్నిచోట్ల పరిశోధన ఖర్చులో కొంతభాగమును మాత్రమే కంపెనీ భరించును.

ఒడంబడిక ముగిసినపిదప నసలు పని. కంప్యూటరులో నమోదైన యుష్ణోగ్రతలను, పంకాల వేగములను, కవాటముల స్థితిని ఇంజనీర్లు వారములతరబడి సేకరింతురు. కంప్యూటరు చూపనిచోట చిన్న కొలతపెట్టెలు తగిలింతురు. ఆదివారపు రాత్రి మేడ యేమి చేయుచున్నదో యప్పుడు బయటపడును. ప్రతి దోషమునకును దిద్దుబాటు ఖర్చెంత, ఏటికి మిగులెంత, పెట్టుబడి యెన్ని నెలలలో తిరిగివచ్చునని యొక పట్టిక వ్రాసి యజమాని ముందుంచెదరు. అతడు కోరినవానిని తన పనివారిచేతనో, గుత్తదారులచేతనో చేయించును. చేసినది నిజముగా జరిగినదో లేదో చూచుటకు నింజనీర్లు మరల వత్తురు. తుదకు భవనపు పనివారికి శిక్షణయు, ఏ యంత్ర మేల యెట్లు నడువవలయునో తెలుపు పుస్తకమును ఇచ్చి సెలవు పుచ్చుకొందురు.

ఇంత శ్రమకు ఫలమెంత? లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలకు జెందిన ఇవాన్ మిల్స్ 2009లో ప్రకటించిన నివేదిక 26 రాష్ట్రములలోని 643 భవనములను, పాతవానిని క్రొత్తవానిని గలిపి, పరిశీలించినది. పాతభవనముల విషయమున మధ్యస్థపు లెక్క యిది: చదరపుటడుగునకు 30 సెంట్లు ఖర్చు, భవనపు శక్తివ్యయమున నూటికి 16 వంతుల తగ్గుదల, పెట్టుబడి తిరిగివచ్చుటకు పదమూడు నెలలు. రెండు లక్షల చదరపుటడుగుల మేడకీ లెక్కన నఱువదివేల డాలర్లగును. మధ్యస్థమనగా సగము భవనములకు ఇంతకన్న తక్కువయే దక్కినదని చదువరులు మఱువరాదు. అట్లయ్యును, ఏడాది దాటిన కొలది దినములకే అసలు తిరిగివచ్చు వ్యాపార మే బజారునందును సులభముగా దొరకదు.

మంచిది; యజమానికి లాభమున్నది. తన సరకు తానే తగ్గింపజూచు కంపెనీకి లాభమేమి? రహస్య మిచ్చటనున్నది. ఇల్లినాయి రాష్ట్రమున 2007లో నొక శాసనము చేసి, విద్యుచ్ఛక్తి వాడుకను ఏటేట నింత తగ్గింపవలయునని కంపెనీలకు విధించిరి. దానికగు ఖర్చును వాడుకదారుల బిల్లులపై ప్రత్యేకపు రుసుముగా వసూలుచేసికొన ననుమతించిరి. 2016లో చేసిన మఱియొక శాసనము, ఈ పొదుపుపై బెట్టిన సొమ్మును పెట్టుబడిగా లెక్కించి దానిపై లాభమును గడించుకొనుటకు గూడ త్రోవ చూపినది. కాలిఫోర్నియాలోనైతే 1982లోనే, విద్యుచ్ఛక్తి కంపెనీల యమ్మకమునకును రాబడికిని గల ముడిని విప్పు పద్ధతిని ప్రవేశపెట్టిరి. కావున కంపెనీ త్యాగము చేయుచున్నదని భ్రమపడ నక్కఱలేదు. పొదుపువలన తాను చెడకుండునట్లు శాసనకర్తలు ముందే యేర్పాటు చేసిరి. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లు, ప్రజల సొమ్మును ప్రజలకే పంచిపెట్టుటకు కంపెనీ మధ్యవర్తిగా నిలిచినది.

దీనినుండి రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది: యజమాని యీ పథకమునకు దరఖాస్తు పెట్టుకొనుట భిక్షమడుగుట గాదు. నెలనెల తా నిచ్చిన రుసుములో తన పాలు దాను పుచ్చుకొనుటయే. కంపెనీవారేదో పన్నాగము పన్నిరని తలుపులు మూసికొనువాడు, తన సొమ్ము నెదురింటి మేడకు ధారపోయుచున్నాడు. రెండవది మఱింత ముఖ్యము. ఆ రుసుమును పెద్దమేడల యజమానులు మాత్రమే యిచ్చుట లేదు. వీధిమూలనున్న మంగలియంగడియు, చిన్న భోజనశాలయు తమ బిల్లులలో నిచ్చుచున్నవి. వారి దుకాణములకు నింజనీర్ల బృందము రాదు. పెద్దమేడ తగ్గించుకొనినచో క్రొత్త విద్యుత్కేంద్రములు, క్రొత్త తీగెలు అంతగా వలసియుండవనియు, ఆ మేలు అందఱికిని చెందుననియు సమాధానము చెప్పుదురు. ఆ సమాధానము సరియైనదే. కాని పట్టికలోని దిద్దుబాట్లు నిజముగా జరిగి, నిలిచియున్నప్పుడు మాత్రమే సరియైనది. నివేదికను బీరువాలో బెట్టి తాళమువేయు యజమాని మంగలి సొమ్మును వృథాచేసినవాడగును. ఏడాదిన్నర షరతును కఠినమని నిందించువారీ సంగతి నాలోచింతురుగాక.

యజమానుల పక్షమున జెప్పదగిన కష్ట మొకటి గలదు. అనేక భవనములలో విద్యుత్తుబిల్లు అద్దెదారులపై బడును. దిద్దుబాటు ఖర్చు యజమానిపై బడును. ఖర్చొకరిది, మిగులొకరిది యైనపుడు చేయివేయువాడెవ్వడు? దీనికి కంపెనీ మందు చెప్పజాలదు, అద్దెపత్రములోనే మందున్నది. మిగిలిన సొమ్ములో నింతభాగము ఖర్చుపెట్టినవానికి జెందునని ముందే వ్రాసికొనినచో తగవు తీఱును.

అన్నిటికంటె పెద్ద లోపము వేఱొకటి. శ్రుతిచేసిన వీణ మరల శ్రుతి తప్పును. ఇంజనీర్లు వెడలిపోయిన మరునాడే మఱియొక యంతస్తున మఱియొక ఫిర్యాదు వచ్చును. పనివాడు మరల చేయి పెట్టును. లేదా శిక్షణ పొందినవాడు కొలువు మాని పోవును. నిపుణులు నెలలతరబడి వెదకి కనిపెట్టిన దోషములలో కొన్నిటిని ఆ పనివాడు మొదటినుండియు నెఱిగియుండును. అతని నడిగినవారు లేరు. పెరటిచెట్టు మందునకు పనికిరాదను బుద్ధి సముద్రముల కావలనుగూడ నున్నది! పరిశోధనకు వేలు వెచ్చించి, ఆ పనివానికి జీతము పెంచుటకును, నేర్పుటకును వెనుదీయు యజమాని చిల్లికుండకు నీరు మోయుచున్నాడు. ఈ కారణముచేతనే న్యూయార్కు నగరము, ఆశ జూపుటతో సరిపెట్టుకొనక, 2009లో శాసనముచేసి, ఏబదివేల చదరపుటడుగులు మించిన భవనములకు పదేండ్ల కొకసారి రిట్రోకమిషనింగు విధించినది. సియాటిల్ నగరము 2016లో, ఆ పరిమాణముగల వ్యాపార భవనముల యంత్రములను అయిదేండ్ల కొకసారి పరీక్షించి దిద్దవలయునని నిర్ణయించినది. ఒక్కసారి దిద్దుట చాలదని యా నగరములు గ్రహించినవి.

మన సంగతి యేమి? 2001లో శక్తి పరిరక్షణ చట్టమును, 2007లో వ్యాపార భవనములకు నిర్మాణపు నియమావళిని మన దేశమున జేసికొంటిమి. ఆ నియమావళి ముఖ్యముగా క్రొత్తగా కట్టబడు భవనముల కుద్దేశింపబడినది. హైదరాబాదులోను, విశాఖపట్టణమునను ఇదివఱకే లేచియున్న యద్దపు మేడల మాటయేమి? చికాగో పథకమును యథాతథముగా తెచ్చి నాటవచ్చునని మేము చెప్పము. మన రాష్ట్రములలో వ్యాపారభవనము లెక్కువ రేటు చెల్లించుటచేతనే వ్యవసాయమునకు ఉచితముగా నిచ్చు విద్యుత్తు భారము కొంత తీఱుచున్నది. పెద్ద వాడుకదారు తగ్గించుకొనినచో పంపిణీ సంస్థకు మంచి ఖాతా చేజాఱును. ఆ లోటును పూడ్చు ఏర్పాటు ముందు చేయకుండ, సంస్థవారిని పొదుపు బోధింపుమనుట, వర్తకుని తన యంగడి తానే మూసికొమ్మనుట యగును. ఇల్లినాయివారు శాసనము ముందు చేసి, పథకమును పిదప నడపిరి. మనము నేర్వవలసినది ఆ వరుస.

అంతవఱకు యజమానులు చేతులు ముడుచుకొని యుండవలసిన పనిలేదు. మొదటి పరీక్షకు కంపెనీయు వలదు, కంప్యూటరును వలదు. ఒక ఆదివారమునాటి రాత్రి పదిగంటలకు మీ మేడకు వెళ్లి, చీకటి నడవలో నిలిచి చెవియొగ్గి వినుడు. ఎవ్వరును లేనిచోట పంకా తిరుగుచున్న చప్పుడు వినబడినచో, దాని నేల తిరుగనిచ్చుచున్నాడో మీ పనివాని నడుగుడు. ఆతడు చెప్పు సమాధానమును శ్రద్ధగా వినుట మఱువకుడు.