సాన పట్టడం దుకాణాల సొత్తా?

మంచుమీద జారే స్కేట్ల బ్లేడులకు ఇంట్లో సాన పట్టుకోరాదట! అది నిపుణుల పనియట, యంత్రాల పనియట. శీతల దేశాలలో స్థిరపడిన మన పిల్లలు ఈ మాటను వేదవాక్కులా వల్లిస్తున్నారు. మా అల్లుడిదీ అదే పాట. "మీకెందుకండీ మామయ్యగారూ ఈ శ్రమ, కాసిని డాలర్లు పారేస్తే వాళ్ళే చేసిపెడతారు" అంటాడు.

ఆ పారేసిన డాలర్ల ఫలితం విన్నవిస్తాను. ఒటావాలో మా మనవరాలు స్పీడ్ స్కేటింగు అభ్యసిస్తున్నది. దాని స్కేట్లను ఒక దుకాణంలో ఇచ్చాము. అక్కడి యంత్రం హాకీ బ్లేడులకు అలవాటు పడినది. అడుగున సమతలంగా ఉండవలసిన బ్లేడుకు నిలువునా గాడి తీసి చేతిలో పెట్టారు. పిల్ల మలుపులో బోర్లా పడింది. మోకాలు మానింది గాని బ్లేడు మానలేదు. ఆ గాడి పోయేదాకా ఎంత లోహం అరగదీయవలసి వచ్చిందో ఆ దుకాణదారునికి తెలియదు, నాకు తెలుసు.

స్కేట్లన్నీ ఒక జాతి కావు మహాశయులారా. హాకీ బ్లేడు మందం ఇంచుమించు 3 మిల్లీమీటర్లు. దాని అడుగున పొడవునా పుటాకారపు గాడి ఉంటుంది, గాడికి అటూ ఇటూ రెండు వాదరలు. ఆ గాడి వలయఖండం. వ్యాసార్ధం అర అంగుళం ఉండడం సర్వసాధారణం. వ్యాసార్ధం తగ్గితే గాడి లోతవుతుంది, పట్టు పెరుగుతుంది, జారుడు తగ్గుతుంది. వజ్రపు మొనతో గుండ్రంగా తీర్చిన చక్రమే ఆ గాడిని చెక్కగలదు. అటువంటి బ్లేడును చదును రాతిమీద రుద్దితే మొట్టమొదట హతమయ్యేవి ఆ వాదరలే. నాట్యపు స్కేట్లదీ గాడి జాతియే. పైగా వాటి ముందు భాగంలో పళ్ళు ఉంటాయి. అవి అరిగితే గెంతులన్నీ చెడతాయి. కనుక ఈ రెంటినీ చేతిరాయితో ముట్టవద్దన్న వారికి నా నమస్కారం. హాకీవారికి ఇంట్లో బల్లమీద అమరే చిన్న యంత్రాలు కూడా ఇప్పుడు వచ్చాయి.

స్పీడ్ స్కేటు సంగతి వేరు. బ్లేడు మందం ఒక మిల్లీమీటరుకు కాస్త పైన. అడుగు చదును, అంచులు రెండూ లంబకోణాలు. దీనికి కావలసినవి ఒక బిగింపు చట్రం, ఒక గరుకు రాయి, ఒక నునుపు రాయి, అంచు తీర్చడానికి చిన్న రాయి, ఓపిక. స్కేట్లు రెంటినీ తలక్రిందులుగా చట్రంలో సమానంగా బిగించి, రాతిని రెండు బ్లేడులమీదా అడ్డంగా ఆనించి, ఈ కొస నుండి ఆ కొస దాకా ఒకే ఒత్తిడితో నడపాలి. అంచున పక్కకు మడతపడే సన్నని లోహపు పొరను చిన్న రాయితో పక్కనుండి తీసివేయాలి. అది మిగిలినంతసేపూ పదును పెట్టినట్టు కాదు. చాలామంది చేయి ఇక్కడే తొందరపడుతుంది. చివరకు గోటిని అంచుమీద అడ్డంగా లాగితే రజను రాలాలి.

"వంపు చెడుతుంది" అంటారు. నిజమే, బ్లేడుకు నిలువునా ఒక వంపు ఉంటుంది. దాని వ్యాసార్ధం 20 మీటర్లకు పైమాటే కాబట్టి కంటికి ఆనదు. ఒకేచోట అదిమి రుద్దితే అది చదునవుతుంది. అందుకే కొస నుండి కొస దాకా అన్నాను. ఆ వంపును యంత్రం చెరపదని ఎవరు చెప్పారు? చక్రం ఒకచోట క్షణం ఎక్కువసేపు నిలిస్తే చాలదా?

"పిల్లలకు ప్రమాదం" అన్న వాదం మరొకటి. కత్తిపీటతో పెరిగిన జాతి అనవలసిన మాటేనా ఇది? మందపాటి చేతితొడుగులు వేసుకుంటే సరి. నెదర్లాండ్స్‌లో సొంత స్కేట్లకు తామే సాన పట్టుకోవడం ఇప్పటికీ వాడుకలో ఉన్న విద్య. వారి పదకొండు పట్టణాల మహాయాత్ర ఇంచుమించు 200 కిలోమీటర్లు. 1997 జనవరి తరువాత మంచు చాలక అది మళ్ళీ జరగలేదు. యాత్ర ఆగినా వారి ఇళ్ళలో రాళ్ళు మూలపడలేదు.

అన్నట్టు, సాన అన్నది శాణ శబ్దానికి తద్భవం. మన వీధుల్లో సైకిలు తొక్కుతూ కత్తులకు సాన పట్టేవాడు ఇది ఏ రకం ఇనుమని అడిగి గాని చక్రం తిప్పేవాడు కాడు. దుకాణాన్నే నమ్ముతామనేవారు కనీసం ఆపాటి విచారణ చేయండి. స్పీడ్ స్కేటు చేతికిచ్చి "దీనికి గాడి తీస్తారా?" అని అడగండి. తీస్తామన్నా, తడబడ్డా, స్కేట్లు సంచిలో వేసుకుని ఇంటికి వచ్చేయండి.