నెగడు దగ్గర పుట్టిన మేళం

ఫిన్లండు దేశంలో, రష్యా సరిహద్దుకు చేరువగా, కితే అనే చిన్న పట్టణం ఉన్నది. దాని చుట్టూ అడవులూ, సరస్సులూను. వేసవిలో అక్కడ రాత్రి పది అయినా వెలుగు పోదు. 1996 జూలైలో కొందరు కుర్రవాళ్ళు సరస్సులోని ఒక లంకకు వెళ్ళి, నెగడు వేసుకుని దాని చుట్టూ కూచున్నారు. వారిలో పందొమ్మిదేళ్ళ తువోమస్ హోలొపైనెన్ ఒకడు. ఇటువంటి చోట, ఇటువంటి వేళ మెల్లిగా పాడుకోదగిన పాటలు కట్టాలని అతనికి ఆలోచన తట్టింది. అందుకు ఎక్కువ హంగులేమీ అక్కర్లేదు: ఒక గిటారు, ఒక ఆడపిల్ల కంఠం, తన కీబోర్డు.

కీబోర్డుకు హార్మోనియానికి లాగే మెట్లుంటాయి. కాని తిత్తి ఉండదు. అందులో ధ్వని విద్యుత్తుతో పుడుతుంది. అందుచేత ఆ ఒక్క పెట్టె ముందు కూచుని వేణువూ, ఫిడేళ్ళూ, చర్చి గంటలూ అన్నీ మోగించవచ్చు. ఇటువంటి మేళాలకు మామూలుగా పాడేవాడో, గిటారు వాయించేవాడో నాయకుడవుతాడు. ఈ మేళంలో మటుకు మెట్ల వెనక కూచున్నవాడే నాయకుడు. పాటలలో చాలా భాగం అతను రాసినవే.

గిటారుకు ఎంపు వువోరినెన్, పాటకు తార్యా తురునెన్ దొరికారు. తార్యా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చుకుంటున్నది. ఆ పద్ధతిలో పాడేవారు మైకు లేకుండానే, యాభై అరవై వాద్యాలు మోగుతూ ఉన్నా, పెద్ద హాలులో చివర కూచున్నవాడికి కూడా వినిపించాలి. ఇది కేవలం అరవటం వల్ల అయ్యే పని కాదు. గొంతులోనూ, నోటిలోనూ ఉండే ఖాళీని స్వరానికి తగినట్టు మార్చుకుంటారు. పై స్వరాలకు దవడ బాగా తెరుస్తారు. అప్పుడు లోపలి గాలి కూడా ఆ స్వరానికి తోడు పలుకుతుంది.

ఆ సంవత్సరం చివర మూడు పాటలు రికార్డు చేసి చూసుకున్నారు. తార్యా కంఠం ముందు మామూలు గిటారు బొత్తిగా తేలిపోయింది! ఆమెను గొంతు తగ్గించి పాడమని ఉండవచ్చు. అలా అనలేదు. చుట్టూ ఉన్న వాద్యాలనే పెంచారు. మామూలు గిటారు పోయి ఎలక్ట్రిక్ గిటారు వచ్చింది, యుక్క నెవలైనెన్ డ్రమ్ములు తెచ్చాడు. మెల్లిగా పాడుకుందామని మొదలుపెట్టినది కాస్తా హెవీ మెటల్ మేళం అయి కూచున్నది. మూడు పాటలలో ఒకదాని పేరే మేళానికి పెట్టారు—నైట్‌విష్.

హెవీ మెటల్ అంటే బరువైన లోహమని అర్థం. దాని గరగర ఎలా పుడుతుందో వినండి. గిటారు మీది ఉక్కు తీగల కింద అయస్కాంతమూ, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్టా ఉంటాయి. పై తీగ కంపిస్తే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. యాంప్లిఫయరు దాన్ని పెద్దది చేస్తుంది. ఈ వాద్యగాళ్ళు యాంప్లిఫయరు మోయలేనంత బలం కావాలనే ఇస్తారు. అప్పుడు ధ్వని తరంగాల శిఖరాలు కత్తిరించినట్టు చదునైపోతాయి. దానితో అసలు స్వరానికి తోడు, దానికి రెండింతలూ, మూడింతలూ, ఇంకా ఎక్కువ వేగంతో కంపించే స్వరాలు అనేకం వచ్చి చేరతాయి. రేడియో మరీ పెంచితే ఇటువంటి గరగరే వస్తుంది. మన ఇళ్ళల్లో అది తిట్లు తెచ్చిపెడుతుంది, వీరికి చప్పట్లు తెచ్చిపెట్టింది.

1997లో మొదటి ఆల్బం వచ్చింది. 1999 ఆగస్టు 11న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు, ఆ సందర్భానికని జర్మనీలో వీరు "స్లీపింగ్ సన్" అనే పాట విడుదల చేశారు. ఆ నాటి చంద్రుడి నీడ ఐరోపా దాటి, మన దేశం మీదుగా ఉత్తరాంధ్ర తీరానికి వచ్చి, బంగాళాఖాతంలో సూర్యాస్తమయంతో ముగిసింది.

తరవాత పేరు దేశాలు దాటింది. 2005 అక్టోబరు 21న హెల్సింకి నగరంలో పెద్ద కచేరీ జరిగింది. అది ముగిశాక మిగతా నలుగురూ తార్యా చేతిలో ఒక ఉత్తరం పెట్టారు. ఇక కలిసి పనిచెయ్యటం కుదరదని దాని సారాంశం. అదే ఉత్తరాన్ని లోకానికంతకూ వెల్లడి చేశారు. తప్పు ఎవరిదని అభిమానులు ఏళ్ళ తరబడి కీచులాడుకున్నారు. విడిపోవటానికి కారణాలుంటే ఉండవచ్చు. తొమ్మిదేళ్ళు పక్కన నిలబడి పాడిన మనిషిని పంపటానికి ఊరందరూ చదివే ఉత్తరమా!

తార్యా తన పాటలు తాను పాడుకుంటూ పేరు తెచ్చుకున్నది. ఉత్తరం మీద సంతకం చేసినవారిలో మార్కో హియెతల అనే గాయకుడు ఒకడు. 2021లో అతను కూడా మేళం వదిలాడు. 2024లో వచ్చిన అతని పాటలో తార్యా గొంతు కలిపింది.

మేళంలో 2007 నుంచి స్వీడనుకు చెందిన అనెట్ ఓల్జోన్ పాడింది. 2012లో అమెరికా యాత్ర మధ్యలో ఆమె కూడా విడిపోయింది. కచేరీలు ఆపటానికి లేదు. నెదర్లాండ్స్‌కు చెందిన ఫ్లోర్ యాన్సెన్‌కు కబురు వెళ్ళింది. ఆమె రెండు రోజులలో పాటలు నేర్చుకుని అక్టోబరు 1న సియాటిల్ వేదిక ఎక్కింది!

కీబోర్డు దగ్గర మనిషి మటుకు మారలేదు. 2014లో అతను, డిస్నీ బొమ్మల కథలలోని పరమలోభి బాతు స్క్రూజ్ జీవితం మీద ఒక ఆల్బం వేరే చేశాడు. దాని అట్ట మీది బొమ్మ, ఆ బాతు జీవితకథను బొమ్మలలో చెప్పిన డాన్ రోజా వేసినదే.

2015లో వచ్చిన ఆల్బానికి పేరు డార్విన్ గ్రంథం చివరి వాక్యం నుంచి తీసుకున్నారు. అందులో ఆఖరి పాట ఇరవైనాలుగు నిమిషాలు నడుస్తుంది. భూమి పుట్టటం, ప్రాణం పుట్టటం, మనిషి రావటం అంతా అందులో ఉన్నది. జంతువుల కూతలు కూడా వినిపిస్తాయి. జీవశాస్త్రజ్ఞుడు రిచర్డ్ డాకిన్స్ ఆ ఆల్బంలో మాటలు చదివాడు.

శాస్త్రజ్ఞులు కూడా వీరిని మరిచిపోలేదు. 2017లో ఫిన్లండులోని ఒక కొత్త జాతి కీటకానికి సియోఫిలా హోలొపైనెని అని పేరు పెట్టారు. అది దోమకు చుట్టమైన చిన్న పురుగు. ఈ రకం పురుగుల పిల్లలు శిలీంధ్రాల మీద పెరుగుతాయి. 2020లో నక్షత్రచేపకు దగ్గర బంధువైన ఒక ప్రాణి శిలాజానికి ఓఫియోమిట్రెల్లా ఫ్లోరే అని ఫ్లోర్ పేరు పెట్టారు. డైనోసార్లు ఉన్న కాలంలో అది సముద్రం అడుగున పాకింది. శాస్త్రీయ నామాలలో మగవాడి పేరు చివర "ఇ", ఆడదాని పేరు చివర "ఏ" చేరుస్తారు. మీ పేరుకు ఏది చేరుతుందో వేసి చూసుకోండి.