కంటి పరీక్షలో పోయిన ఉద్యోగం

అంధులకు దారి చూపే కుక్కకు శిక్షణలో తుంటి జబ్బు బయటపడితే వేరే పనికో, ఓ మంచి ఇంటికో పంపుతారు. మరి మనిషికి?

ఉమ్మడి ఆర్టీసీలో 2014లో చేరిన ఒక డ్రైవరుకు రంగులు సరిగా కనబడవని తేలింది. 2016లో ఉద్యోగం తీసేశారు. అలాంటి డ్రైవర్లకు వేరే పని ఇవ్వాలని 1979 ఒప్పందంలోనే ఉంది! ఆ మాట సుప్రీంకోర్టు చెప్పేసరికి 2025 ఆగస్టు వచ్చింది. తొమ్మిదేళ్ళు ఆ ఇల్లు ఎలా గడిచిందో?

మిత్రులారా, మన చిలుకూరు హాస్టల్లో కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తెల్లవారకముందే పరుగెత్తే తమ్ముళ్ళున్నారు. రంగు చుక్కల్లో అంకె చదివించే పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. దాన్ని ఇంటర్‌లోనే చేయించాలని నా అభిప్రాయం. అప్పుడైతే గ్రూప్స్‌కో, టీచర్ ఉద్యోగానికో చదువుకునే టైముంటుంది.