ఒకే గేటు, రెండు జీతాలు

నిరుద్యోగం పెరిగితే కూలి తగ్గుతుందని అందరం అంటాం. బ్లాంచ్‌ఫ్లవర్, ఆస్వాల్డ్ అనే ఆర్థికవేత్తలు 1994లో 12 దేశాల లెక్కలతో ఆ మాటే చూపారు. కానీ ఎవరి కూలి తగ్గుతుంది? గోదావరిఖనిలో స్త్రీల వేతనాల గురించి మాట్లాడాలంటే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి.

1990-91లో సింగరేణిలో లక్షమందికి పైగా కార్మికులు 2 కోట్ల టన్నుల లోపే బొగ్గు తీశారు. 2023-24లో పర్మినెంటు కార్మికులు అందులో సగం కూడా లేరు, బొగ్గు 7 కోట్ల టన్నులు. ఓపెన్ కాస్టులు, యంత్రాలు, కాంట్రాక్టు పని తెచ్చిన మార్పిది. పక్కనే రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడి, 2021లో గాని మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టలేదు.

అయినా పర్మినెంటు కార్మికుని జీతం తగ్గలేదు. తగ్గకూడదు కూడా. దాన్ని జాతీయ బొగ్గు వేతన ఒప్పందం నిర్ణయిస్తుంది. 2023 మేలో కుదిరిన 11వ ఒప్పందం కనీస హామీ ప్రయోజనం కింద 19 శాతం ఇచ్చింది. ఊళ్లో ఎంతమంది ఖాళీగా ఉన్నా ఆ జీతం కదలదు. నిరుద్యోగం బరువంతా ఒప్పందం కాపాడని వాళ్ల మీద పడుతుంది: ఆఫీసులు, ఆస్పత్రులు ఊడ్చే కాంట్రాక్టు స్త్రీల మీద, క్వార్టర్లలో అంట్లు తోమే వాళ్ల మీద. కూలి పెంచమంటే జవాబొక్కటే: "ఇష్టముంటే చెయ్యి, లేకుంటే మానెయ్. చేసేటోళ్లు మస్తుమంది ఉన్నరు."

స్త్రీలకు వేరే దారి కూడా తెరవలేదు. 1952 గనుల చట్టం వారికి భూగర్భ పనిని నిషేధించింది. 2019లో నిషేధం సడలేనాటికి గనుల్లో ఉద్యోగాలే తగ్గిపోయాయి.

పనులు లేనప్పుడు దొరికిన కూలికే సర్దుకోవాలని కొందరంటారు. ఈ నిరుద్యోగం వానలా ఆకాశం నుంచి పడలేదు. ఉద్యోగాలు తగ్గించిన యాజమాన్యానికే చౌక కూలి లాభం దక్కుతోంది. రెండు జీతాల మధ్య తేడా పెరిగేకొద్దీ పర్మినెంటు పనిని కాంట్రాక్టుకివ్వాలన్న ఆశ కూడా పెరుగుతుంది. ఇవాళ చీపురు పట్టిన ఆమెకు కోత పడుతున్న కూలి, రేపు పర్మినెంటు కార్మికుని బిడ్డకు రావలసిన ఉద్యోగాన్ని మింగుతుంది.

ఒకే రకం పనికి ఒకే వేతనమని 1971 కాంట్రాక్టు కార్మిక నియమాల్లోనే రాశారు. కోల్ ఇండియాలో హైపవర్ కమిటీ నిర్ణయించిన వేతనాలు తమకూ కావాలని 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు సమ్మె చేశారు. ఆ కోరికను పర్మినెంటు కార్మికుల సంఘాలు తమ కోరికల పత్రంలో మొదట రాయాలి. ఇళ్లలో పనిచేసే స్త్రీలను కూడగట్టే పని మనం మొదలుపెట్టాలి. "మస్తుమంది ఉన్నరు" అనే బెదిరింపు ఆ మస్తుమంది విడివిడిగా ఉన్నంతకాలమే పనిచేస్తుంది.