సోయాకి భయపడాలా?

యాంగోన్‌లోని చిమిండైంగ్‌లో ఉండే మా పిన్ని రొమ్ము క్యాన్సర్ చికిత్స అయ్యాక సోయా పాలు మానేసింది. "అందులో ఆడ హార్మోను ఉంటుందటరా" అంది ఫోనులో. షాన్ టోఫు కూడా మానేసిందట. అది శెనగపిండితో చేసేది, సోయాతో కాదు!

సోయాలోని ఐసోఫ్లేవోన్లు ఈస్ట్రోజెన్‌ని పోలి ఉంటాయి, కానీ వాటి ప్రభావం చాలా తక్కువ. షాంఘైలో ఈ జబ్బు వచ్చిన 5,042 మంది స్త్రీలపై 2009లో వెలువడిన అధ్యయనంలో, సోయా ఎక్కువ తిన్నవారిలో మరణాలు, జబ్బు తిరగబెట్టడం తక్కువగా కనిపించాయి. సోయాయే కాపాడిందని దీన్నిబట్టి చెప్పలేం. హాని మాత్రం కనిపించలేదు. ఇదంతా తిండి సంగతి. సోయా మాత్రల మాట వేరు, వాటికి డాక్టరుని అడగాల్సిందే.

పిన్నికీ ఇదే చెప్పాను. మన ఇళ్ళల్లోనూ ఇలాంటి పిన్నులున్నారు కదా, మీరూ చెప్పండి.